నీళ్లు పెరగలేదు, నేల దిగింది

ఆయన ఏ నేలనూ ఊరికే నమ్మేవాడు కాదు. పనికి కొత్త చోటుకి వస్తే ముందు చెప్పులు విడిచేవాడు. వంగి అరచేయి నేలకి ఆనించి, పిల్లలకి జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచేవాడు. తరవాత చెంబుతో నీళ్లు కొంచెం ఒలకబోసి అవి ఎటు పోతాయో చూస్తూ కూర్చునేవాడు. టీ అంగడిలో కూడా అంతే. గ్లాసు బల్లమీద పెట్టి, ఒక కన్ను మూసి, టీ ఏ వైపుకి ఒరిగిందో చూసేవాడు. ఒరిగితే బల్లకాలు కింద పెంకుముక్క దోపేవాడు. ఆ తరవాతే తాగేవాడు. అప్పటికి టీ చల్లారిపోయి ఉండేది.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మదనపల్లెలో మా ఇంట్లో బట్టలు మడత పెడుతుంటే కుప్పం నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది.

"మేడమ్, అబ్బా పోయినాడు. తెల్లారి నమాజుకి లేసినాడు. టీ తాగి మళ్లా పండుకొన్నాడు. అంతే" అంది.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు వంటింటి గచ్చు మీద చేయి ఆనించి కూర్చున్నాను. గచ్చు చల్లగా ఉంది.

ఆయన పేరు రాయను. రాసినా పుంగనూరులో ఎక్కువ మందికి తెలియదు. అక్కడ ఆయన అందరికీ అండమాన్ మేస్త్రీ. చిన్నప్పుడే ఎవరో కంట్రాక్టరు వెంట గోడలు కట్టే పనికి పోర్ట్‌బ్లేర్ పోయి, అక్కడే ఇల్లు కట్టుకుని, సునామీ తరవాత ఆరేళ్ల కూతుర్ని చంకనేసుకుని తిరిగి వచ్చిన మనిషి. ఇంతవరకు ఊరందరికీ తెలుసు. దీని తరవాత ఆయన చెప్పే మాటనే ఎవరూ నమ్మేవారు కాదు. నేనూ నమ్మలేదు.

నేను పుంగనూరు పక్కన ఒక పల్లె హైస్కూల్లో సోషల్ చెబుతాను. రోజూ మదనపల్లె నుంచి బస్సు. మూడేళ్ల కిందట మా బడికి వరండా, ప్రహరీ బాగుచేసే పని వచ్చినప్పుడు ఈయన వచ్చాడు. చలికాలం. పొద్దున బస్సు దిగేసరికి టమోటా తోటలమీద, చెరకు మీద మంచు పరుచుకుని ఉండేది. కొండలు నడుము దాకా అందులో మునిగి, తలలు మాత్రం పైకి కనపడేవి. ఆయన ప్రహరీ పక్కన నిలబడి, తాపీ చేతిలో పట్టుకుని, పని మొదలుపెట్టకుండా అటే చూస్తూ ఉండేవాడు.

"ఏం మేస్త్రీ, అంత చూస్తాండారు?" అని ఒకరోజు అడిగాను.

"ఏం లేదు టీచరమ్మా. ఈ మంచును సూస్తే నాకు నీళ్లు మాదిరి కనపడతాది. ఎండ వచ్చి, కింద నేల ఉండాదని తెలిసినాకనే నాకు చెయ్యి ఆడతాది."

నవ్వి లోపలికి పోయాను. ముసలాయనకి కొంచెం చాదస్తం అనుకున్నాను.

ఆ వారమే తొమ్మిదో తరగతికి భూకంపాల పాఠం వచ్చింది. మా పిల్లల్లో సముద్రం చూసినవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు. సునామీ గురించి చెబుతుంటే ఒక అమ్మాయి లేచింది. "మేడమ్, భూకంపం వస్తే సముద్రం ఒడ్డున ఉండే నేల నీళ్లలోకి మునిగిపోతాదంట గదా? ఫోన్లో చూపించినారు. మద్రాసు అంతా మునిగిపోతాదంట. మా అక్క ఆడ కాలేజీలో ఉండాది" అంది. ఆ పిల్ల గొంతులో నిజంగానే భయం ఉంది.

ఆ భయం పోగొట్టాలనే తొందరలో నేను గట్టిగా నవ్వేశాను. "అవన్నీ కట్టుకథలు. భూకంపం వస్తే అల వస్తుంది. ఊళ్లోకి వచ్చి, మళ్లీ వెనక్కి పోతుంది. నేల ఎక్కడ ఉండేది అక్కడే ఉంటుంది. నేల సముద్రంలోకి పోవడమనేది లేదు" అన్నాను.

కిటికీ బయటి నుంచి మాట వినిపించింది. "లేదమ్మా. పోతాది."

ఆయన వరండా గోడకి సిమెంటు మెత్తుతూ మా కిటికీ దగ్గరికి వచ్చి ఉన్నాడు. నెత్తిమీద తువ్వాలు, గడ్డంమీద సిమెంటు చుక్కలు. పిల్లలందరూ అటు తిరిగారు.

"మేస్త్రీ, మీ పని మీరు చూసుకోండి. ఇక్కడ పాఠం జరుగుతాంది" అన్నాను.

పిల్లలు గొల్లున నవ్వారు. ఆయన నన్ను కాసేపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. దారి చెప్పబోతే వినకుండా పోయే మనిషిని చూసినట్టు చూశాడు. "సరేమ్మా" అని తట్ట ఎత్తుకుని వరండా ఆ చివరికి వెళ్లిపోయాడు. మిగిలిన గోడ అంతా అటు నుంచి మొదలుపెట్టాడు.

ఆ సాయంత్రం బస్సులో నా మనసు నిలవలేదు. ఆయన "పోతాది" అన్న తీరు మళ్లీ మళ్లీ చెవుల్లో పడింది. వాదించేవాడి గొంతు కాదది. వాన వస్తాది అన్నట్టు చెప్పాడు. ఇంటికి వచ్చి, అన్నం కూడా పెట్టుకోకుండా చదవడం మొదలుపెట్టాను. గంటలోపే తెలిసిపోయింది. ఆయన చెప్పింది నిజం. తప్పు చెప్పింది నేను.

మర్నాడు ప్రార్థన కాకముందే ఆయన దగ్గరికి వెళ్లాను. ఇసుక జల్లిస్తున్నాడు.

"మేస్త్రీ, నిన్న నేను తప్పు చెప్పాను. పిల్లల ముందర మిమ్మల్ని అట్ల అనకూడదు. ఈరోజు క్లాసుకి వచ్చి మీరు చూసింది చెప్పాల" అన్నాను.

జల్లెడ ఆపాడు. "నేను సెప్పేది వింటారామ్మా పిల్లకాయలు? మావోళ్లే ఇనలేదు. యాల చెప్తావు భాయ్ ఈ అబద్ధాలు అంటారు మా వీధిలో."

"వింటారు. ముందు నేను వింటాను."

ఆయన కాళ్లూ చేతులూ కడుక్కుని, తువ్వాలు విప్పి దులిపి మళ్లీ చుట్టుకుని, క్లాసులోకి వచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నల్లబోర్డు పక్కన గోడకి చేరగిలబడి నిలబడ్డాడు. ఆ గొంతు అంత మెత్తన అని అప్పటిదాకా నాకు తెలియదు.

"ఆదివారం పొద్దున. నేల ఊగింది. తొట్టిలో బిడ్డ ఊగుతాది సూడండి, అట్ల. నిలబడలేకపోయినాను. మా పాప నా కాలు పట్టుకొనింది. నిలిచిపోయినాక సూస్తే ఇల్లు ఉండాది. గోడకి ఒక చీలిక లేదు. నా చేత్తో కట్టిన ఇల్లు. లోపల్లోపల గర్వపడినాను. తరవాత అల వచ్చింది. అందరం గుట్ట ఎక్కినాము. నీళ్లు వచ్చినాయి, పోయినాయి. సరే, పోయినాయి గదా అని దిగి ఇండ్లు కడుక్కొంటాండాము."

పిల్లలు కదలడం లేదు.

"మాపటికి మళ్లా వచ్చినాయి. ఈ తూరి అల కాదు. సముద్రం దినానికి రెండు తూర్లు పెరిగి తగ్గుతాది. దాన్ని పోటు అంటారు. ఆ మామూలు పోటు అది. సప్పుడు లేదు. నిదానంగా వచ్చి గడప దాటింది, పొయ్యి తడిపింది, మంచం కింద నిలబడింది. కొన్ని గంటలుండి పోయింది. మర్నాడు మళ్లా వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మా పక్కింటోళ్ల బెండతోటలో, మొక్కల నడుమ చేపపిల్లలు తిరుగుతాండాయి. ఎర్ర పీతలు గోడెక్కి సూస్తాండాయి. ఆర్నెల్లు పోయేసరికి కొబ్బరిచెట్లు నిలబడిన తావే చచ్చిపోయి తెల్లగా అయిపోయినాయి."

"నీళ్లు పెరిగినాయేమో?" అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు.

ఆయన ముఖం వెలిగింది. ఇరవై ఏళ్లుగా ఎవరైనా ఇలా అడగాలని ఎదురుచూసినట్టు రెండడుగులు ముందుకి వచ్చాడు.

"అదే నాయనా, అందరూ అనింది అదే. నీళ్లు పెరిగితే మద్రాసులో గూడా పెరగాల గదా? సముద్రం ఒకటే గదా? యాడా పెరగలేదు, మా తావ తప్ప. పడవల రేవులో మెట్లు కట్టింది నేనే. పోటు ఎంతొచ్చినా పైన ఐదు మెట్లు తడవకుండా ఉండేవి. ఆ దినం నుంచి ఒక్కటే ఉండాది. నీళ్లు యాడుండాయో ఆడే ఉండాయి. నీళ్లు పెరగలేదు, నేల దిగింది."

తరవాత నేను ఇనుప స్కేలు తీసుకుని బల్లమీద పెట్టి, రాత్రి చదివింది చూపించాను. అక్కడ సముద్రం అడుగున రెండు పెద్ద పలకలు ఉన్నాయి, ఒకటి ఇంకోదాని కిందికి దూరుతోంది. దూరుతూ పైపలక అంచుని పట్టుకుని లోపలికి లాగుతుంది. ఈ స్కేలే పైపలక అనుకోమని, దాని వెనక కొసని కదలకుండా పట్టుకుని, ముందు కొసని లోపలికీ కిందికీ నెట్టాను. నడుము ఉబ్బింది. వేలు జారగానే ముందు కొస టప్పున పైకి లేచింది, ఉబ్బిన నడుము కిందికి పడింది.

"ఆ పడిపోయిన నడుము మీద మేస్త్రీ గారి ఊరు ఉంది" అన్నాను. "అందుకే భూకంపం వస్తే తీరం కుంగవచ్చు. నిన్న నేను చెప్పింది తప్పు. కానీ దేశాలూ నగరాలూ సముద్రం మింగేయదు. ఇలాంటి అంచులకి దగ్గరగా ఉన్నచోట్ల మోకాలి ఎత్తో, నడుము ఎత్తో, ఒక్కోచోట అంతకన్నా కొంచెం ఎక్కువో దిగుతుంది. కొన్నిచోట్ల పైకి కూడా లేస్తుంది. అదే దీవుల్లో ఉత్తరం వైపు సముద్రం అడుగున ఉన్న పగడపు రాళ్లు పైకి తేలాయి. మద్రాసు ఆ అంచుకి చాలా దూరం. మీ అక్కకి ఏం కాదు."

ఆ అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. బెల్లు కొట్టారు. పిల్లలు ఆయన చుట్టూ మూగి పీతల గురించి అడిగారు. వాళ్లందరూ పోయాక కూడా ఆయన కదల్లేదు. బల్లమీద స్కేలునే చూస్తూ నిలబడ్డాడు.

"టీచరమ్మా, దాన్ని ఇంకొక తూరి నెట్టండి."

నెట్టాను. మళ్లీ నడుము ఉబ్బింది.

"అంటే, కింద పలక ఇంకా నెడతానే ఉండాదా?"

"నెడుతూనే ఉంటుంది. ఆగదు."

"అయితే మా నేల ఇప్పుడు దిగతా లేదా?"

అప్పుడు ఆయన ముఖం చూసి నాకు తెలిసింది, ఈ ప్రశ్న పాఠం గురించి కాదని. కుర్చీ దగ్గరికి జరిపాను. ఈసారి కూర్చున్నాడు.

పాపకి నాలుగేళ్లప్పుడు, అంటే ఆ భూకంపానికి రెండేళ్ల ముందు, ఆయన భార్య అక్కడే జ్వరంతో పోయింది. వాగు సముద్రంలో కలిసేచోట చిన్న ఖబరస్తాను ఉంటే అందులో పెట్టారు. గోరీ చుట్టూ రాళ్లు ఆయనే కట్టాడు. నేల దిగాక, ఆ చోటు అంతా నీళ్లకిందికి పోయింది. ఆర్నెల్లపాటు ఇంటి గడపని ఇటుక వరస మీద ఇటుక వరస లేపుతూ ఉన్నాడు. కానీ ఖబరస్తాను వైపు ఒక్క రోజు కూడా పోలేదు. చివరికి ఇల్లు వదిలేసి ఓడెక్కాడు.

"ఒక పొద్దులో అంత దిగింది గదా, రోజూ దిగతా ఉంటాదనే అనుకొన్నానమ్మా. ఇరవై ఏండ్లుగా. కండ్లు మూస్తే సాలు, నా రేవు మెట్లు కనపడతాయి. ఆపె ఒక్కో మెట్టు దిగిపోతా ఉంటాది. నేను పైమెట్టు మీద ఉంటాను. పిలుస్తాను. తిరిగి సూడదు. ఇప్పటికి యాడికి పోయిందో, ఎంత లోతుకి పోయిందో అని..." తువ్వాలు కొసతో కళ్లు తుడుచుకున్నాడు. "ఆపెకి నీళ్లంటే భయం. బావిలో గూడా తొంగి సూసేది కాదు."

మాటలు వెతుక్కుంటూ చెప్పాను. "లేదు మేస్త్రీ. దిగింది ఆ ఒక్క పొద్దే. ఆ కొన్ని నిమిషాల్లోనే. ఆ తరవాత దిగలేదు. కొలిచినవాళ్లు రాశారు. అప్పటి నుంచి అక్కడి నేల సన్నసన్నగా, వెంట్రుకవాసిగా పైకే వస్తోంది."

"పైకా?"

"పైకే. మన కాలంలో పూర్తిగా రాదు. ఎన్ని తరాలు పడుతుందో ఎవరూ చెప్పలేరు. కానీ దిగడం లేదు."

ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయాడు. మంచు విడిపోయి టమోటా తోటలు, వాటి నడుమ పలమనేరు రోడ్డు తేటగా కనపడుతున్నాయి.

"వస్తాంటే సాలమ్మా" అన్నాడు. ఆ రోజు ప్రహరీ మీద ఆయన కట్టినంత గోడ ఏ రోజూ కట్టలేదు.

పని అయిపోయి వెళ్లిపోయాక కూడా పుంగనూరు బస్టాండులో అప్పుడప్పుడు కలిసేవాడు. కలిసినప్పుడల్లా ఒకే ప్రశ్న. "ఈ ఏడు ఎంత లేచింటాదమ్మా?" ఎవరైనా వింటే ధరల గురించి అడుగుతున్నాడనుకునేవాళ్లు. "మీ గోరు మందం ఉండొచ్చు మేస్త్రీ" అనేదాన్ని, నాకు సరిగ్గా తెలియకపోయినా. ఆయన బొటనవేలి గోరు చూసుకుని, తల ఊపి, బస్సెక్కేవాడు.

కిందటేడు వేసవికి ముందు ఒకసారి కొత్త చొక్కా వేసుకుని కనపడ్డాడు. "పోతాండాను టీచరమ్మా. పాపను గూడా పిల్చుకొని పోతాండాను" అన్నాడు. ఆ పాపకి పెళ్లయి కుప్పంలో ఉంటోంది. సముద్రం అంటే ఆ పిల్లకీ భయమేనట, రానని మొండికేసిందట. "అమ్మ ముఖం నీకు గుర్తు లేదు. అమ్మ ఉండే తావన్నా సూసి రా అని అడిగినాను. ఒప్పుకొనింది."

కుప్పంలో రైలెక్కి మద్రాసు పోయి, అక్కడ అండమాన్ ఓడెక్కారు. నెల తరవాత తిరిగి వచ్చి బడికి వచ్చాడు. పిల్లలకి ఓడ గురించి చెప్పాడు. ఒకప్పుడు బెండతోట ఉన్నచోట ఇప్పుడు ఉప్పునీళ్లలో బతికే మడచెట్లు పెరిగి అడవి అయిందని చెప్పాడు. నేను పక్కకి పిలిచి, "కనపడిందా మేస్త్రీ?" అని అడిగాను.

"కనపడినాదమ్మా" అన్నాడు. తువ్వాలు సర్దుకుని బస్సుకి బయల్దేరాడు. నేను ఆయన్ని చివరిసారి చూడటం అదే.

ఫోన్ వచ్చిన తరవాతి ఆదివారం కుప్పం వెళ్లాను. స్టేషన్‌కి దగ్గర్లోనే ఇల్లు. కూతురు నన్ను ఎప్పుడూ చూడకపోయినా గడపలోనే గుర్తుపట్టి చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. మంచినీళ్లు ఇచ్చి, ఎదురుగా నేలమీద కూర్చుంది. అక్కడ ఏం జరిగిందో ఆమె చెప్పింది.

"నీళ్లు బాగా వెనక్కి పోయే దినం ఏదో ఊళ్లోవాళ్లను కనుక్కొని పోయినాము మేడమ్. అంతా బురద. మోకాళ్ల దాకా దిగబడతాది. మడచెట్ల వేర్లు పైకి లేచి ఉండాయి. నేను ఒడ్డులోనే నిలబడి రానంటే, అబ్బా వెనక్కి వచ్చి, చిన్నప్పటి మాదిరి వేలు ఇచ్చినాడు. పట్టుకొని పోయినాను. చానాసేపు వెతికినాము. అమ్మ గోరీ రాళ్లు మూడు దొరికినాయి. నాచు పట్టి, గవ్వలు అంటుకొని ఉండాయి. అబ్బా చేత్తో బురద తీసి, నీళ్లు చల్లి కడిగినాడు. ఏడుస్తాడనుకొన్నాను. ఏడవలేదు. రాయి మీద చెయ్యి పెట్టి దువా చేసినాడు. తరవాత అమ్మతో మాట్లాడను మొదలుబెట్టినాడు."

"ఏమని?"

"అంతా. ఓడ దిగి పుంగనూరు ఎట్ల పోయినామో, నేను ఏ బడికి పోయినానో, సైకిల్ నేర్చుకొనేటప్పుడు పడి చెయ్యి ఎట్ల విరగ్గొట్టుకొన్నానో, నా నిఖాకి ఎవరెవరు వచ్చినారో, మా ఇంటాయన వంకాయ తినడని గూడా. మా భాషలో, పక్కన కూర్చున్నోళ్లతో చెప్పినట్ల చెప్తాండాడు. పుంగనూరులో ఒక టీచరమ్మ ఉండాది, నువ్వు ఇంకా దిగిపోతా లేవు, ఆ దినమే నిలిచిపోయినావని ఆయమ్మే నాకు చెప్పింది అన్నాడు. మీ గురించి మేడమ్."

నేను నీళ్ల గ్లాసు కిందపెట్టాను.

"పోటు తిరుక్కొనింది. రాళ్లు మునిగిపోయినాయి. నీళ్లు అబ్బా మోకాళ్లకి వచ్చినాయి. రా అబ్బా, రా అబ్బా అని చెయ్యి పట్టి లాగినాను. ఒక్క మాట, ఇంకొక్క మాట అని వంగి ఏందో చెప్పినాడు. అది నాకు వినపడలేదు మేడమ్, నీళ్ల సప్పుడులో. అప్పుడు లేసి నా భుజం పట్టుకొని వచ్చేసినాడు."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. కాసేపటికి సన్నగా నవ్వింది.

"మా అబ్బా నిద్రపోవడం నేను సరిగా చూసిందే లేదు మేడమ్ అంతవరకు. తిరుగు ఓడ ఎక్కినాక పండుకొన్నాడు చూడండి. మూడు దినాలు. అన్నానికి లేపితే తిని, మళ్లా అటు తిరిగి పండుకొనేది. ఓడంతా ఊగతాంటే పక్కన ఒకరి తరవాత ఒకరు వాంతులు. ఆయనకేమీ తెలీదు. మద్రాసు వచ్చింది, లే అబ్బా అని కుదిపి కుదిపి లేపితే, కండ్లు నులుముకొని నన్ను చూసి, 'అప్పుడే వచ్చేసిందా?' అన్నాడు."